జేబులో ఫ్యూజు

ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరుగా పనిచేసినవాడికి డబ్బులడగడం చేతకాదంటే ఎవరూ నమ్మరు. నేనూ నమ్మేవాణ్ణి కాదు. టికెట్టు తీసుకోకుండా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నవాణ్ణి భుజం తట్టి లేపి, ఎండ మండిపోతున్నా సరే కొల్లేరు గట్టు మీద దింపేసిన రోజులున్నాయి నాకు. అప్పట్లో అది ధైర్యం అనుకునేవాణ్ణి. ఒంటిమీద ఖాకీ చొక్కా, వెనకాల డ్రైవరు, బస్సునిండా జనం ఉంటే ఎవడికైనా గొంతు లేస్తుంది. రిటైరై ఆ చొక్కా విప్పాక, నా ఇంట్లో, నా మెట్ల కింద, నాకు రావలసిన అద్దె నేను అడగవలసి వచ్చేసరికి నాకు నోరు పెగల్లేదు.

మా ఇల్లు ఏలూరు పక్కన వట్లూరులో. ఆ చుట్టుపక్కల కాలేజీలు వచ్చాక పొలాలన్నీ ప్లాట్లైపోయిన రోజుల్లో కొన్న చిన్న స్థలం. పైన నేనూ మా ఆవిడా ఉంటాం, కింద వాటా అద్దెకిస్తాం. ఆ అద్దెతోనే బ్యాంకు వాయిదా కడతాం. ఒక నెల అద్దె రాకపోతే ఆ నెల బ్యాంకు నుంచి ఫోను వస్తుంది. ఫోను చేసే అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడుతుంది. ఆ మర్యాదకే నాకు చెమటలు పట్టేవి.

కింద వాటాలో కొత్తగా పెళ్ళయిన జంట చేరారు. కొల్లేరులో ఒక లంక గ్రామం వాళ్ళది. అతను చేపపిల్లల వ్యాపారం చేసేవాడు. పిల్లల్ని హేచరీలో కొని తెచ్చి, మా కారు షెడ్డులో పెట్టుకున్న సిమెంటు తొట్లలో రెండు రోజులు ఉంచి, ఉండి అనే ఊరి వైపు చెరువుల వాళ్ళకి వేసి వచ్చేవాడు. మాకు కారు లేదు కాబట్టి షెడ్డు వాడుకుంటానంటే సరేనన్నాను. తొట్లలోకి గాలి కొట్టడానికి ఒక చిన్న మోటారు ఉండేది. దాని నుంచి సన్నటి గొట్టాలు ఒక్కో తొట్టిలోకి వెళ్ళేవి. పగలూ రాత్రీ బుడబుడమని చప్పుడు పైకి వినిపిస్తూనే ఉండేది. మొదట్లో చిరాకు పడ్డాను గానీ నెల తిరిగేసరికి అలవాటైపోయింది.

మొదటి ఏడాది అద్దె అయిదో తారీఖు దాటేది కాదు. డబ్బుతోపాటు అప్పుడప్పుడు రెండు శీలావతి చేపలు కూడా పైకి వచ్చేవి. నన్ను బాబాయిగారనీ, మా ఆవిణ్ణి పిన్నిగారనీ పిలిచేవారు. తర్వాత వానాకాలం వచ్చింది. మబ్బు పట్టి, నీళ్ళలో గాలి చాలక చెరువుల్లో చేపలు చచ్చి తేలిపోయాయి. చెరువుల వాళ్ళు కొత్తగా పిల్లల్ని కొనడం మానేశారు, అంతకుముందు అరువుకి తీసుకున్నవాళ్ళు మొహం చాటేశారు. మా అద్దె ఆగిపోయింది. ఒక నెల, రెండు నెలలు, అలా నాలుగు నెలలయ్యాయి. వాళ్ళిచ్చిన అడ్వాన్సు ఎప్పుడో అందులో కలిసిపోయింది.

మెట్ల దగ్గర ఎదురుపడినప్పుడల్లా అతనే ముందు అనేవాడు, "వచ్చే ఆదివారం ఇచ్చేత్తానండి బాబాయిగారూ" అని. నేను "దానికేముంది బాబూ, చూసుకుని ఇవ్వు" అనేవాణ్ణి. పైకి వచ్చి మా ఆవిడ మీద అరిచేవాణ్ణి. నిజం చెప్పాలంటే అతన్ని చూస్తే నాకు భయం. మనిషి ఆరడుగులుంటాడు. వలలు లాగి లాగి చేతులు మొరటుదేలి ఉండేవి. ఎప్పుడూ గొంతు పెంచి మాట్లాడలేదు, కళ్ళెత్తి చూడలేదు. అలా తలొంచుకుని నిలబడే మనిషి ఒకరోజు తలెత్తితే ఏం చేస్తాడోనని నా భయం. ఇల్లు ఖాళీ చేయమంటే, చేయనంటాడేమో. మా దూరపు బంధువు ఒకాయనకి కామవరపుకోటలో అలాగే జరిగింది. అద్దెకున్నవాడు లోపలి నుంచి గడియ పెట్టుకుని, ఏం చేసుకుంటారో చేసుకోండన్నాడు. ఆయన ఇప్పటికీ కోర్టు చుట్టూ తిరుగుతున్నాడు. ఆ ఇల్లు నాదే అయినట్టూ, బయట నిలబడి తలుపు కొడుతున్నది నేనే అయినట్టూ ఊహించుకుని రోజూ వణికేవాణ్ణి.

ఒక ఉదయం గట్టిగా నిశ్చయించుకుని, ఖాళీ చేయమని చెప్పేద్దామని చెప్పులేసుకున్నాను. మా ఆవిడ గుమ్మానికి అడ్డం వచ్చింది.

"ఆ అమ్మాయికి అయిదో నెలండీ. తెలీదా మీకు?" అంది.

తెలియదు. అలాంటివి నా కంటికి కనపడవు.

"కడుపుతో ఉన్న పిల్లని ఇల్లు మారమనకూడదు. పైకీ కిందకీ సామాన్లు మోయించి, కొత్తింట్లో పాలు పొంగించమని పంపితే ఏదైనా అయితే ఆ ఉసురు మనకే తగులుతుంది. నేను మాత్రం ఒప్పుకోను."

మేం మూడు తరాలుగా చర్చికి వెళ్ళేవాళ్ళం. మా ఆవిడ మిషను స్కూల్లో పాతికేళ్ళు పిల్లలకి వాక్యం చెప్పింది. ఇలాంటి నమ్మకాలు పెట్టుకోవద్దని మా పాస్టరుగారు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. పిల్లి ఎదురొచ్చినా, ఎవరైనా తుమ్మినా మా ఆవిడ ఆగదు. ఇదొక్కటి మాత్రం వదల్లేదు. వాళ్ళమ్మ చెప్పిందట, వాళ్ళమ్మకి వాళ్ళమ్మ చెప్పిందట. నేను చెప్పులు విప్పేశాను. విప్పుతుంటే హాయిగా అనిపించింది కూడా, అడగక్కర్లేకుండా ఒక వంక దొరికినందుకు.

"మరి బ్యాంకు వాళ్ళకి ఏం చెప్పమంటావ్?" అన్నాను.

"వాళ్ళంతట వాళ్ళు వెళ్తే వేరు. మనం పొమ్మనకూడదు, అంతే" అంది.

ఆ ఒక్క మాట పట్టుకున్నాను నేను. వాళ్ళంతట వాళ్ళు వెళ్తే వేరు. ఆ సాయంత్రం టీ కొట్టు దగ్గర, నాతోపాటు డిపోలో చేసిన పాత మిత్రుడికి సంగతంతా చెప్పాను. అతనికి రెండిళ్ళు అద్దెకున్నాయి. అతను నవ్వి, "నోటితో అడగడం దేనికండీ బాబూ? రోజూ ఓ గంట ఫ్యూజు పీకి జేబులో వేసుకోండి. ఫ్యాను తిరగదు, నీళ్ళెక్కవు. నెల తిరక్కుండా వాళ్ళే సర్దుకుంటారు" అన్నాడు.

నాకది ఎంత తెలివైన ఉపాయంగా తోచిందో చెబితే సిగ్గుచేటు. పొమ్మనడం లేదు కాబట్టి పాపం లేదు. ఎదురుపడనక్కర్లేదు కాబట్టి భయం లేదు. అలా లెక్కేసుకున్నాను.

ఆ వారమే మా వదినగారికి తాడేపల్లిగూడెంలో కంటి ఆపరేషను అయింది. మా ఆవిడ నాలుగు రోజులు అక్క దగ్గర ఉండటానికి వెళ్ళింది. నాలుగో రోజు నేను వెళ్ళి తీసుకురావాలి. ఆ రోజు పొద్దున్నే కింద అతను మోటార్ సైకిల్ మీద భార్యని ఎక్కించుకుని పెద్దాసుపత్రికి చెకప్‌కి తీసుకెళ్ళాడు. తలుపుకి తాళం. వాళ్ళు ఇంట్లో ఉండగా ఫ్యూజు పీకే ధైర్యం నాకు లేదు. లేనప్పుడు పీకి, వాళ్ళు వచ్చాక పైన కూర్చుని ఏమీ ఎరగనట్టు ఉందామనుకున్నాను. ఒక గంట అయ్యాక ఎలాగోలా మళ్ళీ పెట్టేద్దామనుకున్నాను.

తొమ్మిదింటికి మెట్ల కింద మీటరు పెట్టె తెరిచి, కింద వాటా ఫ్యూజు పీకాను. పాతకాలపు పింగాణీ ఫ్యూజు. చేతిలో చల్లగా ఉంది. వెంటనే షెడ్డులో బుడబుడ ఆగిపోయింది. అన్నాళ్ళ తర్వాత ఆ చప్పుడు ఆగేసరికి చెవులు దిబ్బడ వేసినట్టైంది. ఫ్యూజు ప్యాంటు జేబులో వేసుకుని పైకి వెళ్ళిపోయాను. షెడ్డు వైపు చూడలేదు.

చేపపిల్లలకి గాలి అవసరమని తెలియదని చాలారోజులు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. కైకలూరు రూట్లో ఎన్నేళ్ళు చేశాను! గాలి నింపిన ప్లాస్టిక్ సంచుల్లో చేపపిల్లల్ని పెట్టుకుని ఎక్కేవాళ్ళు. వాటికి లగేజీ టికెట్టు కొట్టేవాణ్ణి. స్టాపులో అయిదు నిమిషాలు ఎక్కువ ఆగితే, "త్వరగా పోనివ్వండి బాబూ, పిల్లలు చచ్చిపోతాయ్" అని బతిమాలేవాళ్ళు. నేను వినిపించుకోకుండా టీ తాగి వచ్చేవాణ్ణి. నాకు తెలుసు. ఆ పొద్దున ఆ తెలిసిన సంగతిని పక్కన పెట్టేశాను, అంతే.

పది దాటింది. వాళ్ళు రాలేదు. ఇంతలో మా ఆవిడ ఫోను. వాళ్ళక్క మందుల చీటీ మా ఇంట్లో మర్చిపోయిందట, అది లేకుండా వస్తే ఊరుకోనంది. బీరువా, బైబిలు మధ్య, టీవీ వెనకాల, అన్నీ వెతికాను. చివరికి బియ్యం డబ్బా మూత కింద దొరికింది. దొరికేసరికి బస్సు టైమైపోయింది. చొక్కా మార్చుకుని, తాళం వేసి, ఆటో ఎక్కేశాను. ప్యాంటు మార్చుకోలేదు.

గూడెంలో మా తోడల్లుడు దగ్గరుండి భోజనం పెట్టించాడు. చేపల పులుసు. నేను రెండుసార్లు వడ్డించుకున్నాను కూడా. చేతులు కడుక్కుని, తుడుచుకోవడానికి జేబురుమాలు కోసం జేబులో చెయ్యి పెట్టాను. వేళ్ళకి పింగాణీ తగిలింది.

కొళాయి దగ్గరే గోడ పట్టుకుని నిలబడిపోయాను. గోడ గడియారం ఒంటిగంటన్నర చూపిస్తోంది. తొమ్మిదింటి నుంచి లెక్కపెట్టాను. మళ్ళీ లెక్కపెట్టాను. ఎన్నిసార్లు లెక్కపెట్టినా నాలుగున్నర గంటలే వస్తున్నాయి. మా ఆవిడతో కడుపులో తిప్పుతోందని చెప్పి, "నువ్వు రేపు రా" అనేసి, ఆవిడ ఏదో అంటున్నా వినకుండా బస్టాండుకి పరిగెత్తాను.

బస్సులో కండక్టరు కుర్రాడు నన్ను గుర్తుపట్టి, "రండి గురువుగారూ" అని ముందు సీటు ఇప్పించాడు. ప్రతి స్టాపులోనూ ఆపాడు. ఉంగుటూరులో ఒక ముసలావిడ మెట్టు ఎక్కడానికి ఎంతసేపు పట్టిందో. భీమడోలు దగ్గర గడ్డి లారీ అడ్డం తిరిగి రోడ్డంతా ఆగిపోయింది. కుర్రాడు దిగి వెళ్ళి టీ తాగుతున్నాడు. కిటికీలోంచి తల బయటికి పెట్టి, త్వరగా పోనివ్వు బాబూ అని అరవబోయాను. ఎందుకంత తొందర అని అడిగితే ఏం చెప్పాలి? జేబులో ఫ్యూజుని గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. దారిపొడుగునా ఒకటే ఆలోచన. అతను ఈపాటికి వచ్చేసి ఉంటాడు. మీటరు పెట్టె తెరిచి ఉంటాడు. ఖాళీ గాడి చూసి ఉంటాడు. గుమ్మంలో నిలబడి నాకోసమే చూస్తూ ఉంటాడు.

వట్లూరులో ఆటో దిగేసరికి నాలుగు కావస్తోంది. కింద తలుపుకి తాళం అలాగే ఉంది. ప్రభువా అనుకుని మెట్ల కిందికి దూరాను. ఫ్యూజు రెండుసార్లు జారింది. మూడోసారి గాడిలో పడింది. షెడ్డులో బుడబుడ మొదలైంది. ప్రాణం లేచి వచ్చినట్టైంది. ఆ ఊపులోనే వెళ్ళి తొట్టి మీద కప్పిన వల ఎత్తి చూశాను.

నీళ్ళు కనపడలేదు. పైనంతా తెల్లగా ఉంది. వేలెడంత పిల్లలు, పొట్టలు పైకి తేలి, గాలి బుడగలు వచ్చినచోట కొంచెం కొంచెం కదులుతున్నాయి. బతికి కదులుతున్నాయేమోనని వంగి చూశాను. కాదు, గాలికి కదులుతున్నాయి. నాలుగు తొట్లూ అంతే. ఆఖరి తొట్టి మూలన ఒకటో రెండో నోరు తెరిచి మూస్తున్నాయి.

అప్పుడే మోటార్ సైకిల్ చప్పుడు వినిపించింది. ఆ అమ్మాయి ఆసుపత్రి ఫైలు పట్టుకుని నెమ్మదిగా దిగింది. అతను నా మొహం చూసి, నా చేతిలో వల చూసి, రెండంగల్లో తొట్టి దగ్గరికి వచ్చాడు.

"కరెంటు పోయింది బాబూ" అన్నాను, అతను అడక్కముందే. "నువ్వెళ్ళిన కాసేపటికే పోయింది. ఇప్పుడే వచ్చింది."

"మీరు ఇంట్లోనే ఉన్నారాండీ?"

"లేదు లేదు. గూడెం వెళ్ళాను. ఇప్పుడే దిగాను."

అన్న తర్వాత తెలిసింది నేనేం అన్నానో. గూడెంలో ఉన్నవాడికి ఇక్కడ కరెంటు ఎప్పుడు పోయిందో, ఎప్పుడు వచ్చిందో ఎలా తెలుస్తుంది? అతను పట్టించుకున్నట్టు లేదు. తొట్లో చెయ్యి పెట్టి, దోసెడు చేపపిల్లల్ని పైకెత్తి, వేళ్ళ సందుల్లోంచి మళ్ళీ నీళ్ళలోకి వదిలాడు.

"రేపు ఉండిలో వేయాల్సిన సరుకండి ఇది" అన్నాడు. "అప్పు చేసి తెచ్చానండి. ఆ డబ్బు రాగానే ముందు మీ నాలుగు నెలలూ కట్టేద్దామనుకున్నామండి."

ఆ అమ్మాయి మెట్టు మీద కూలబడిపోయింది. ఏడవలేదు. పొట్ట మీద చెయ్యి వేసుకుని తొట్ల వైపు చూస్తూ కూర్చుంది. వెనకాల ఖాళీ స్థలంలో అతను గొయ్యి తవ్వాడు. బకెట్లతో మోయడానికి నేను కూడా సాయం పట్టాను. మోస్తుంటే అతను, "మీకెందుకండీ శ్రమ" అన్నాడు.

ఆ రోజు నుంచి నాకు పక్కింటావిడ భయం పట్టుకుంది. ఆవిడ ఇడ్లీ పిండి రుబ్బి అమ్ముతుంది. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఆవిడ గ్రైండరు తిరుగుతూనే ఉంటుంది. కరెంటు పోతే వీధి వీధంతా వినిపించేలా కరెంటు వాళ్ళని తిడుతుంది. ఆ రోజు ఆవిడ ఎవర్నీ తిట్టలేదు. కింద అతను ఒక్క మాట అడిగితే చాలు, నా పని అయిపోతుంది. ఆ అమ్మాయి ప్రహరీ గోడ దగ్గర నిలబడి ఆవిడతో మాట్లాడినప్పుడల్లా నేను పైన వరండాలో కుర్చీ అంచున కూర్చుని చెవులు రిక్కించేవాణ్ణి. కరివేపాకు గురించి మాట్లాడుకుంటున్నా నాకు కరెంటు అన్నట్టే వినిపించేది. పక్కింటావిడ మంచిగా ఉండాలని రోజూ అరకేజీ పిండి కొనేవాణ్ణి.

"రోజూ ఇడ్లీయేనా? మీకేమైనా పట్టిందా?" అనేది మా ఆవిడ.

పట్టింది మరి. ఒకరోజు మధ్యాహ్నం మా తలుపు కొట్టిన చప్పుడైతే తీశాను. ఎదురుగా అతను, చేతిలో పెద్ద కత్తి. వెనక్కి నాలుగడుగులు వేసి సోఫాకి తగిలి కూలబడ్డాను. "కొబ్బరి మట్టలు వేలాడుతున్నాయండి. పిన్నిగారి నెత్తిన పడతాయేమో. కొట్టేయమంటారా?" అన్నాడు. కొట్టేయమన్నాను. అతను చెట్టెక్కి మట్టలు కొడుతున్నంతసేపూ నేను లోపల గడియ వేసుకుని కూర్చున్నాను.

అన్నిటికన్నా నాకు అంతుపట్టనిది ఇంకొకటి. ఆ నెల నుంచి అతను అద్దె కట్టడం మొదలుపెట్టాడు. అయిదో తారీఖునే, పాత బాకీలో కొంత కూడా కలిపి. తొట్లు ఖాళీగా ఉన్నాయి. వేరేవాళ్ళ చెరువుల మీద రోజు కూలికి మేత వేయడానికి వెళ్తున్నాడని మా ఆవిడ చెప్పింది. ఆ డబ్బులు అందుకోవాలంటే నాకు భయమేసేది. వద్దనాలంటే కారణం చెప్పాలి, అది ఇంకా భయం. తీసుకుని బ్యాంకులో కట్టేసేవాణ్ణి. మొదటి ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల దగ్గరికి రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి అందరూ వెళ్తుంటే నేను మోకాలి నొప్పని కూర్చుండిపోయాను. పాస్టరుగారు తర్వాత వచ్చి, మోకాలికి ఏదో తైలం చెప్పి వెళ్ళారు.

ఏడో నెలలో ఒకరోజు ఆ అమ్మాయికి నొప్పులొచ్చాయి. నెలలు నిండకుండానే. అతను ఊళ్ళో లేడు. మా ఆవిడే ఆటో పిలిచి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. నేను ఆసుపత్రి బయట బెంచీ మీద కూర్చున్నాను. అప్పటిదాకా నేను భయపడిందంతా పట్టుబడిపోతానని. ఆ బెంచీ మీద మొదటిసారి ఇంకో భయం పట్టుకుంది. తెల్లగా తేలిన ఆ తొట్టి కళ్ళముందు నుంచి పోవడం లేదు. ఆ రోజు మెట్టు మీద కూర్చున్నప్పుడు ఆ పిల్ల లోపల ఏదో తెగిపోయి ఉంటే? ఆ బిడ్డకి ఏమైనా అయితే అది నేను చేసిన పనే. ఇల్లు మారమనకుండా తప్పించుకున్నానని మురిసిపోయానే, ఇల్లు మారినా ఇంతకన్నా ఏమవుతుంది? నాకు ప్రార్థన రాలేదు. నోటికి వచ్చిన వాక్యమల్లా మధ్యలో ఆగిపోయింది.

సాయంత్రం మా ఆవిడ బయటికి వచ్చి, "ఫరవాలేదట. కదలకుండా పడుకోమన్నారు" అంది. నేను అక్కడే, జనంలోనే, చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఆవిడ కంగారుపడి ఏమైందంది. చెప్పేశాను. ఫ్యూజు, గూడెం, అబద్ధం, అన్నీ.

ఆవిడ వచ్చి బెంచీ మీద నా పక్కన కూర్చుంది. తర్వాత అంది, "వాళ్ళంతట వాళ్ళు వెళ్తే అన్నానండీ. మీరు వెళ్ళగొట్టమని కాదు."

"తెలుసు."

"అతనికి చెప్పండి."

"చెప్తాను. కాన్పు కానీ. ఇప్పుడు చెప్తే ఆ అమ్మాయి కంగారు పడుతుంది" అన్నాను. ఆ అమ్మాయి కోసమే అన్నట్టు చెప్పాను గానీ, అదీ నా భయమేనని మా ఆవిడకి తెలుసు. ఆ రోజు నుంచి ఆవిడ వండిందాంట్లో సగం కిందికి పంపేది.

నెలలు నిండాక మగపిల్లాడు పుట్టాడు. పుట్టాడన్న కబురు వినగానే నాకు కలిగిన సంతోషం నా సొంత పిల్లలు పుట్టినప్పుడు కూడా కలగలేదు. ఇరవై ఒకటో రోజు వెళ్ళాక అతను ఒక్కడే పైకి వచ్చాడు. చేతిలో తాళం చెవులు, ఇంకో చేతిలో డబ్బు. లంకలోనే, వాళ్ళన్న ఇంటి పక్క గది చూసుకున్నామన్నాడు. సామానంతా అప్పటికే ట్రాక్టరు మీద ఉంది. కుర్చీ చూపించాను. కూర్చోలేదు.

"బాకీ అంతా సరిపోయిందండి. చూసుకోండి" అన్నాడు.

మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి నా వైపే చూస్తోంది. ఇంక తప్పదు. "బాబూ, ఆ రోజు కరెంటు..." అని మొదలుపెట్టాను.

"తెలుసండి" అన్నాడు.

నేను తలెత్తి అతని మొహంలోకి చూశాను.

"ఆ సాయంత్రమే పక్కింటావిడని అడిగానండి. కరెంటు అసలు పోలేదందండి."

"మరి నన్నెందుకు అడగలేదు? ఇన్ని నెలలు..."

"అడిగితే మీరు ఖాళీ చేసెయ్యమనేవారు కదండీ" అన్నాడు నేల చూస్తూ. "కడుపుతో ఉన్నప్పుడు ఇల్లు మారకూడదని మావాళ్ళు గట్టిగా చెప్పారండి. దానికి అమ్మ కూడా లేదు, ఎక్కడికి తీసుకెళ్ళను? ఫ్యూజు పీకినవారు రేపు ఇంకేం చేత్తారోనని చాలా భయపడిపోయామండి. అందుకే ఏదో ఒకటి చేసి అద్దె ఆగకుండా చూసుకున్నానండి. మీరు మెట్లు దిగుతున్న చప్పుడైతే చాలు, మా ఆవిడ లోపలికెళ్ళి గడియ వేసేసుకునేదండి."

నేను అతనిచ్చిన డబ్బంతా తీసి, అతని వైపు చాచాను. ఇది నీది, ఇంకా నేనే ఇవ్వాలి, తీసుకో బాబూ అన్నాను. ఏం మాటలన్నానో సరిగ్గా గుర్తులేదు. అతను తీసుకోలేదు. ఆరడుగుల మనిషి రెండడుగులు వెనక్కి వేశాడు.

"వద్దండి. మీ దగ్గర తీసుకున్నామని రేపు ఏదైనా మాటొస్తే, చంటిపిల్లోడితో మేం తిరగలేమండి" అన్నాడు. తాళం చెవులు బల్ల మీద పెట్టి, "ఏవనుకోకపోతే, మా తరపున బాకీ ఏమీ లేదని ఒక ముక్క రాసిచ్చెయ్యండి బాబాయిగారూ" అన్నాడు.

మా ఆవిడ కాగితం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టింది. రాశాను. సంతకం చేశాను. అతను రెండుసార్లు చదువుకుని, తేదీ కూడా వేయమన్నాడు. తేదీ వేసి ఇచ్చాను. అతను ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, పైనుంచి ఒకసారి తడిమి చూసుకున్నాడు.